మా చెరువులో పెద్ద నత్తలు కనబడడం లేదు: ఇది అంతరించిపోతున్న జాతేనా?

కిమిడి పల్లెవాసి (గజపతి జిల్లా, ఒడిశా) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడికి దగ్గరలో ఉన్న పల్లె; సరిహద్దు దాటితే పాతపట్నం. తొలకరి వానలు పడగానే మా ఊరి చెరువులో గుప్పెట నిండేంత పెద్ద నత్తలు పైకి తేలేవి, రాత్రి వాన కురిస్తే తెల్లవారేసరికి గట్టు మీద పాకుతూ కనబడేవి. ఊడుపుల రోజుల్లో ఆడవాళ్లు వాటిని బుట్టలకెత్తేవారు. సంతలో సవర స్త్రీలు పోగులు పెట్టి అమ్మేవారు. మా ఒడియా ఇరుగుపొరుగు వీటిని గెండా అంటారు, కార్తికం రాకముందే తినడం చాలిస్తారు. ఇటీవలి కాలంలో ఆ పెద్ద నత్త బాగా అరుదైపోయింది. చిత్రమేమిటంటే ఒంటి మీద నల్లని చారలుండే చిన్న నత్తలు మాత్రం రేవు మెట్లకు ఎప్పటిలాగే అంటుకుని ఉంటున్నాయి.

ఈ మధ్యకాలంలో చెరువుకు జరిగిన మార్పులు కూడా చెబుతాను. వేసవిలో ఉపాధి పనుల కింద పూడిక తీశారు, తరువాత గట్టు లోపలి వైపు రాళ్లు పేర్చి సిమెంటు పూశారు, ఆపై చేపల పెంపకానికి లీజుకిచ్చారు. నాకు తెలియవలసినవి ఇవి: ఈ పెద్ద నత్త ఏ జాతి, సహజంగా ఎక్కడెక్కడ ఉంటుంది, ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో దీని పేరు ఉందా? ఉంటే ఆ కాగితం పట్టుకుని గ్రామసభలో మాట్లాడాలని ఉద్దేశం.

జంతుశాస్త్రం మాస్టారు (బరంపురం):

మీరు వర్ణించినది పైలా ప్రజాతి నత్త. మన ప్రాంతంలో పైలా గ్లోబోసా అనే జాతి ప్రసిద్ధం. ఇంటర్మీడియట్, డిగ్రీ ప్రయోగశాలల్లో తరతరాల విద్యార్థులు కోసి చూసినది ఇదే. స్వైన్‌సన్ అనే శాస్త్రవేత్త 1822లో దీనికి పేరు పెట్టాడు. గుండ్రంగా ఉబ్బిన పెంకు, పొట్టి శిఖరం, గోధుమ లేదా ఆకుపచ్చ కలిసిన రంగు దీని లక్షణాలు. భారతదేశపు ఉత్తర, తూర్పు ప్రాంతాలలో, బంగ్లాదేశ్, నేపాల్‌లలో విస్తారంగా ఉంటుంది. దక్షిణాదిన దీని దగ్గరి బంధువు పైలా వైరెన్స్ ఎక్కువ. దాని పెంకు పచ్చగా ఉంటుంది. కేవలం పెంకు ఫొటో చూసి ఈ రెంటినీ విడదీయడం నాకు ఇష్టం లేదు. గంజాం జిల్లా గోపాలపూర్‌లో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రం ఉంది కనుక ఖాయంగా తేల్చుకోవాలంటే అక్కడ చూపించుకోవడం మేలు.

నివాసం విషయానికి వస్తే, నీటి మొక్కలు దండిగా పెరిగే చెరువులు, కుంటలు, వరిమళ్లు, మెల్లగా పారే కాలువలు దీనికి ఇష్టం. దీని ఒంట్లో మొప్ప ఉంది, ఊపిరితిత్తి కూడా ఉంది. నీటిలో ఉన్నంతసేపు మొప్పతో శ్వాసిస్తుంది. నీరు కుళ్లి ప్రాణవాయువు తగ్గితే పైకి వచ్చి, తల ఎడమ పక్కనున్న చర్మపు మడతను పొడవాటి గొట్టంగా చుట్టి, దాని కొసను నీటి మట్టానికి పైన తెరిచి గాలి పీలుస్తుంది. కదలని నీటి దగ్గర కాసేపు ఓపికగా కూర్చుంటే ఈ దృశ్యం ఎవరికైనా కనబడుతుంది: గొట్టం బయటికి వస్తుంది, తల, కాలు లయగా కొద్దికొద్దిగా లోపలికి ముడుచుకుంటూ సాగుతూ ఉంటాయి, గాలి నిండగానే గొట్టం ముడిచేసి నత్త కిందికి జారిపోతుంది.

ఎండాకాలం చెరువు ఇంకిపోతున్నప్పుడు ఇది బురదలోకి దిగి, సున్నంతో గట్టిపడిన మూతను బిగించుకుని, వానలు వచ్చేవరకు నిద్రావస్థలో ఉండిపోతుంది. తొలకరికి ఇవి ఒక్కసారిగా పైకి రావడానికి కారణం అదే. అవి కొత్తగా పుట్టినవి కావు, నిరుడు మట్టిలో దాగి బతికి బయటపడ్డవి. వానాకాలంలోనే జతకట్టి, ఆడనత్త నీటి నుంచి బయటకు పాకి, ఒడ్డునున్న తడిమట్టిలో చిన్న గుంట చేసి తెల్లని గుడ్లు పెడుతుంది. ఒక్కో ముద్దలో 200 నుంచి 800 దాకా ఉంటాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, మీ ప్రశ్నకు ఇందులోనే సగం సమాధానం ఉందని నా అనుమానం.

ఇక జాబితా సంగతి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, ఎర్ర జాబితాలో పైలా గ్లోబోసాను ‘లీస్ట్ కన్సర్న్’ తరగతిలో ఉంచింది. జాతి మొత్తానికి ప్రస్తుతం ముప్పు లేదని దాని భావం. కాబట్టి మీరు ఆశించిన కాగితం దొరకదు. అయితే ఆ తరగతిని ఎలా నిర్ణయిస్తారో తెలిస్తే నిరుత్సాహపడనక్కరలేదు. ఒక జాతిని కనీసం ‘వల్నరబుల్’ అనే ప్రమాదపు మెట్టు మీద నిలబెట్టాలంటే దాని సంఖ్య పదేళ్లలో లేదా మూడు తరాలలో 30 శాతమైనా పడిపోయి ఉండాలి, లేదా అది వ్యాపించిన ప్రాంతం 20,000 చదరపు కిలోమీటర్ల లోపుకు కుదించుకుపోయి, ఆపై ముక్కలవడమో క్షీణించడమో కనబడాలి. ఇలాంటి షరతులు మరికొన్ని ఉన్నాయి. పంజాబు నుంచి అస్సాం దాకా పొలాల్లో దొరికే నత్తకు, ఒక మండలంలోని చెరువులన్నీ ఖాళీ అయినా, ఆ లెక్క మారదు. జాతి క్షేమంగా ఉందనడం మీ చెరువులో అది క్షేమంగా ఉందనడానికి సాక్ష్యం కాదు.

చేపల లీజుదారు (కాశీనగర్):

చెరువులో ఏది తగ్గినా ముందుగా వేలు చూపేది మా వైపే కనుక నాలుగు మాటలు రాస్తున్నాను. చేపపిల్లలు వదలడానికి ముందు చెరువులో ఉన్న కొర్రమీను, జెల్ల వంటి మాంసాహారి చేపలను తొలగించడానికి ఇప్ప చెక్క (ఇప్పగింజల నూనె తీయగా మిగిలే పిప్పి) చల్లే పద్ధతి ఉన్న మాట నిజమే. మీటరు లోతు నీరున్న హెక్టారు చెరువుకు 2,000 నుంచి 2,500 కిలోల దాకా వేస్తారు. అందులోని సాపోనిన్ చేపలతో పాటు నత్తలను కూడా దెబ్బతీస్తుంది, రెండు మూడు వారాలకు విషం విరిగి ఎరువుగా మారుతుంది. కానీ ఇది ఏడాది పొడవునా నీరు నిలిచే చెరువుల సంగతి. వేసవిలో అడుగు దాకా ఎండే చెరువుకు ఇప్ప చెక్కతో పనే లేదు, ఎవరూ డబ్బు తగలేసుకోరు. మీ చెరువు ఎండుతుందో లేదో ముందు చెప్పండి.

గడ్డిచేప వదిలితే మాత్రం నత్తకు ఇబ్బందే. నాచును, నీటి మొక్కలను అది ఊడ్చేస్తుంది, నత్త తినేది కూడా అవే. మా చెరువుల్లో నత్తలుంటే మాకేమీ నష్టం లేదు. పైగా బంగ్లాదేశ్‌లో మంచినీటి రొయ్యల మేతకు ఈ పైలా నత్త మాంసాన్నే విపరీతంగా వాడి, అక్కడ ‘బిల్’ అనే లోతట్టు నీటి మడుగుల్లో నత్తకు కరువు తెచ్చుకున్నారు. మన వైపు గుళికల మేత వచ్చాక ఆ అవసరం లేదు.

కిమిడి పల్లెవాసి:

మాస్టారికీ, లీజుదారు గారికీ ధన్యవాదాలు. మా చెరువు వైశాఖానికల్లా దాదాపు ఎండిపోతుంది. మధ్యలో గేదెలు పొర్లేంత నీరు మిగిలితే ఎక్కువ. ఇప్ప చెక్క వేయలేదని లీజు తీసుకున్నవారే చెప్పారు, ఊరివాళ్లు కూడా అదే అంటున్నారు. గడ్డిచేప వదిలిన మాట నిజం.

మీ జవాబులు చదివిన తరువాత మళ్లీ చెరువు చుట్టూ తిరిగి చూశాను. సిమెంటు పూసిన మూడు వైపులా పెద్ద నత్త ఒక్కటీ లేదు, ఎండకు తెల్లబారిన పాత పెంకులు మాత్రం రాళ్ల సందుల్లో ఉన్నాయి. తూర్పు గట్టుకు నిధులు చాలక మట్టిగట్టుగానే వదిలేశారు. అక్కడ తాటిచెట్ల మొదళ్ల దగ్గర, మదుము పక్కన మెత్తటి నేలలో, బతికున్నవి కొన్ని కనబడ్డాయి. ఒకచోట ఆకులు తొలగించి చూస్తే మట్టి గుంటలో శనగగింజల కన్నా కాస్త చిన్నవైన తెల్లని గుడ్లు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, మళ్లీ కప్పేశాను. చారల నత్తలు మాత్రం నాలుగు వైపులా సమానంగా ఉన్నాయి. ఇంత తేడా ఎందుకు?

జంతుశాస్త్రం మాస్టారు:

ఇంతకన్నా స్పష్టమైన పరిశీలన మా విద్యార్థులు కూడా అరుదుగా తెస్తారు. చారల నత్త ఫైలోపాలుడినా బెంగాలెన్సిస్. పాత పుస్తకాలలో బెల్లామియా అని ఉంటుంది. అది గుడ్లు పెట్టదు. పిండాలు తల్లి ఒంట్లోనే పెరిగి, చిన్న చిన్న పెంకులతో సహా పిల్లలుగా నీటిలోకే బయటపడతాయి. మూత కొమ్ములాంటి పదార్థంతో పల్చగా ఉంటుంది. మగదానికి తల మీది రెండు స్పర్శకాలలో కుడివైపుది లావుగా, పొట్టిగా ఉంటుంది, గమనించండి. అదే దాని సంపర్కాంగం. సంతానం కోసం ఈ నత్త ఒడ్డెక్కవలసిన అవసరమే లేదు. సిమెంటు గోడ మీద పేరుకున్న పాచిని గీకి తింటుంది, నీటిలో తేలే సూక్ష్మపదార్థాన్ని మొప్పతో వడగట్టి కూడా తినగలదు. గట్టు మట్టిదా రాతిదా అన్నది దానికి పట్టదు. ఇది కూడా ఐయూసీఎన్ జాబితాలో ‘లీస్ట్ కన్సర్న్’ తరగతిదే.

పైలా సంగతి వేరు. నీరు, మట్టి రెండూ కావాలి; ఆ రెంటి మధ్య అది పాకి ఎక్కగలిగే వాలు కావాలి. మూడు వైపులా సిమెంటు పూయడంతో గుడ్లు పెట్టే చోటు నాలుగింట మూడు వంతులు పోయింది. దానికి తోడు పూడికతీత జరిగిన కాలం చూడండి. చైత్ర వైశాఖాల్లో చెరువు అడుగున బురదలో నత్తలు మూత బిగించుకుని పడి ఉంటాయి, సరిగ్గా అప్పుడే ఆ పొరను గంపలకెత్తి పొలాలకు తోలుతాం. పొలానికి ఆ ఒండ్రు మంచి ఎరువు, రైతుకు లాభమే, నేను పూడికతీతకు వ్యతిరేకిని కాను. కానీ చెరువు అంతటినీ ఒకే వేసవిలో ఒకే లోతుకు తవ్వేస్తే వచ్చే ఏటికి విత్తనం మిగలదు. మీ చెరువులో ఏ ఒక్కటో కాక పూడికతీత, గట్టు సిమెంటు, మొక్కలు పోవడం మూడూ వరుసగా వచ్చి పడ్డాయి. నా అంచనాలో అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ గట్టుదే, ఎందుకంటే మిగతా రెండూ ఒకటి రెండు వానాకాలాల్లో సర్దుకోగలవు, సిమెంటు సర్దుకోదు.

పక్షుల పరిశీలకుడు (ఇచ్ఛాపురం):

ఈ చర్చలో నత్తగుల్ల కొంగ ప్రస్తావన ఇంతవరకు రాకపోవడం ఆశ్చర్యం. మా దగ్గర తేలుకుంచిలో వానాకాలం మొదలవగానే ఈ కొంగలు వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరివారు వాటిని అతిథులుగా చూసుకుంటారు, ఎవరైనా రాయి విసిరితే ఊరుకోరు. వీటి ముక్కు మూసుకున్నా మధ్యలో సందు మిగులుతుంది. ఆ సందులో నత్తను పెట్టి నొక్కి పగలగొడుతుందని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి కింది ముక్కు మొనను మూత పక్కనుంచి దూర్చి, మాంసాన్ని పెంకుకు పట్టి ఉంచే కండరాన్ని తెంపి, మెత్తటి భాగాన్ని లాగి తింటుంది. అందుకే కొంగలు మేసి వెళ్లిన వరిమడిలో పెంకులు చాలావరకు చెక్కుచెదరకుండా దొరుకుతాయి. పల్లెవాసి గారు చూసిన తెల్లబారిన పెంకుల్లో పగుళ్లు లేనివి ఉంటే వాటిలో కొన్ని కొంగ తిన్నవి కావచ్చు.

పైలా నత్తలు బురద విడిచి పైకి రావడం, కొంగలు గూళ్లు కట్టడం ఒకే ఋతువులో జరుగుతాయి. పిల్లలకు మేత అదే కనుక. కొంగ కూడా ‘లీస్ట్ కన్సర్న్’ జాబితాలోదే. అయినా చుట్టుపక్కల మళ్లలో నత్త లేకపోతే చింతచెట్టు ఉండి ప్రయోజనమేమిటి? గ్రామసభలో నత్త కోసం మాట్లాడితే నవ్వేవారు ఉండవచ్చు, కొంగ కోసమంటే మా వైపు జనం వింటారు. ఈ దారి కూడా ఆలోచించండి.

సిరొంచ నుంచి (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర):

మాది ప్రాణహిత, గోదావరి కలిసే చోటు. మా దగ్గర కూడా ఇవే నత్తలు. ఒక విషయం చేర్చాలనిపించింది. మా రాష్ట్రంలోనే పడమటి కనుమల జలపాతాల పక్కన, నీటి తుంపర్లతో ఎప్పుడూ తడిగా ఉండే బండల మీద బతికే క్రెమ్నోకాంకస్ అనే చిన్న నత్తలున్నాయి. వాటి చుట్టాలన్నీ సముద్రపు ఒడ్డున ఉండేవే. ఇవొక్కటే కొండల మంచినీటిలో మిగిలాయి. 2013లో వీటిలో కొత్త జాతులను కూడా వర్ణించారు. ఒక్కో జాతి ఒకటి రెండు ఘాట్లకే పరిమితం కాబట్టి కొన్నిటిని ఐయూసీఎన్ ‘ఎండేంజర్డ్’, అంటే అంతరించే ముప్పున్న, తరగతిలో పెట్టింది. నత్త అనగానే అన్నీ ఒకే స్థితిలో ఉన్నట్టు కాదు. చట్టం విషయంలో నాకు తెలిసినంతవరకు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో 2001లో చేర్చిన గవ్వలు, శంఖాలు సముద్రానివే. చెరువు నత్తను ఏరుకోవడం నేరం కాదు, కాకూడదు కూడా. సంతలో పోగు పెట్టే ఆడమనిషి మీద కేసు పెట్టి కాపాడేది ఏమీ లేదు.

పశువైద్యుడు (గుణుపురం, రాయగడ జిల్లా):

సిరొంచ వారి చివరి మాటతో ఏకీభవిస్తున్నాను. నా వైపు నుంచి ఒక హెచ్చరిక. చెరువు నత్తలను కాపాడాలన్నప్పుడు అన్నిటినీ ఒకే గాటన కట్టవద్దు. మూత లేని నత్తలు రెండు రకాలు మన చెరువుల్లో ఉంటాయి. చక్రంలా బల్లపరుపుగా చుట్టుకున్నది ఇండోప్లానోర్బిస్. పశువుల రక్తనాళాల్లో చేరే షిస్టోసోమా పురుగులకు అది ఆశ్రయమిస్తుంది, వాటిలో ఒక రకం ముక్కులో చేరితే పశువు ఊపిరాడక గురక పెడుతుంది. పల్చటి పెంకుతో మొన తేలి ఉండేది లిమ్నియా. దాని ద్వారా కార్జపు జలగలు వ్యాపిస్తాయి. పైలాకు, చారల నత్తకు మూత ఉంటుంది కనుక చేతిలోకి తీసుకోగానే తేడా తెలుస్తుంది.

కార్జపు జలగల భయంతో కొందరు చెరువులో మైలుతుత్తం చల్లమంటారు. రాగి విషం మంచి నత్తను, చెడ్డ నత్తను వేరు చేయదు, చేపను కూడా వదలదు. దానికి బదులు పశువుల నీళ్ల రేవును ఒకచోటికే పరిమితం చేసి, అక్కడి గడ్డిని కోయించి, కాలానుగుణంగా మందు తాగించడం మంచిది. తినేవారికి కూడా ఒక మాట: ఎలుకల ఊపిరితిత్తుల్లో పెరిగే ఒక పురుగు పిల్లలు పైలా మాంసంలో ఉండవచ్చు, అవి మనిషి మెదడు పొరలకు వాపు తెస్తాయి. నత్తలను ఒక రాత్రి మంచినీళ్లలో ఉంచితే బురద కక్కుతాయి గానీ ఆ పురుగు పోదు. పూర్తిగా ఉడకబెట్టిన తరువాతే మాంసాన్ని సూదితో లాగి, ఉప్పు పసుపుతో కడిగి వండుకోవాలి.

కిమిడి పల్లెవాసి:

అందరికీ కృతజ్ఞతలు. జాబితా కాగితం లేకపోయినా అడగవలసినవి తేలాయి. తూర్పు గట్టును మట్టిగట్టుగానే ఉంచమని, ఈసారి పూడిక తీస్తే సగం చెరువునే తీసి మిగతా సగాన్ని మరో ఏటికి వదలమని గ్రామసభలో అడుగుతాను. లీజు తిరగరాసేటప్పుడు గడ్డిచేప వద్దని కూడా చెప్పి చూస్తాం. చివరిగా ఒక సందేహం: పక్క ఊరి చెరువు నుంచి నాలుగు నత్తలు తెచ్చి వదిలితే త్వరగా పెరుగుతాయా?

జంతుశాస్త్రం మాస్టారు:

ఇప్పుడే తేవద్దు. మీ తూర్పు గట్టు దగ్గర గుడ్లు ఉన్నాయంటే విత్తనం ఉన్నట్టే. చోటు దొరికితే అవే పెరుగుతాయి, వరదకు మళ్ల కాలువల గుండా బయటివి కూడా వస్తాయి. ఈ వానాకాలం గుడ్లు పెట్టే వారాల్లో తూర్పు గట్టు పొడవునా ఏరకుండా ఉంటే చాలు, పొలాల్లో ఏరుకోవడానికి అభ్యంతరం లేదు. సిమెంటు గట్టు మీద అక్కడక్కడ మట్టి పోసి, నీటి దాకా వాలుగా దిగేట్టు చేయించగలిగితే ఇంకా మంచిది.

ఎవరైనా అక్వేరియం దుకాణంలో పసుపు నత్తలను కొని చెరువులో వదలబోతే మాత్రం గట్టిగా అడ్డుకోండి. అవి దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పోమేసియా. వాటి బంధువునే 1980 ప్రాంతంలో తినడానికని తైవాన్‌కు తెచ్చారు, అది ఫిలిప్పీన్స్ దాకా పాకి వరినారును తినేసే తెగులైంది. గుర్తుపట్టడం కష్టం కాదు: దాని మూత సున్నపుది కాదు, గోరులాగా వంగుతుంది. గుడ్లను మట్టిలో దాచదు. నీటికి పైన కాడలకు, గోడలకు అంటిస్తుంది, పంటలను తినే ఆ తెగులు రకానివైతే గులాబీ రంగులో కొట్టొచ్చినట్టు కనబడతాయి. అలాంటి గుడ్ల ముద్ద మీ సిమెంటు గట్టు మీద ఎప్పుడైనా కనబడితే గీకి నీటిలో పడవేయకుండా, ఒడ్డునే నలిపేసి, ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. మీ పంచాయతీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాస్తూ ఉంటుంది; పైలాను, చారల నత్తను, అవి ఏ గట్టున ఉన్నాయో సహా, అందులో ఎక్కించమని అదే సభలో అడగండి.